ఖడక్‌వాస్లా దారి తొమ్మిదో తరగతిలోనే మొదలౌతుంది

సంచికకు ఏదైనా వ్రాయండి సార్ అని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, కవిత్వం నాకు రాదు గనుక, వచ్చిన విషయమే వ్రాస్తానన్నాను. నేను చెన్నూరువాడిని. ఈ కళాశాలలోనే చదువుకుని, ఇప్పుడు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను. నేను వ్రాయబోయేది నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశానికి బడిలో ఉన్నప్పుడే ఎలా సిద్ధపడాలన్న సంగతి. ఇది చదివే మిత్రులలో చాలామందికి ఆ వయస్సు దాటిపోయింది. నాకైతే ఎప్పుడో దాటింది. నేను ఆ పేరు మొట్టమొదట విన్నదే డిగ్రీ రెండవ సంవత్సరంలో. అయినా మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటారు. ఆ ఇంట్లో నోటిఫికేషన్ చదివి అర్థం చేసుకోగలిగిన మనిషి బహుశా మీరొక్కరే.

2024 డిసెంబరులో మా వాడకట్టు పిల్లవాడొకడు ఫోను పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఇంటర్ ఎం.పి.సి. పాసైనవాడు. తెల్లవారుజామున గోదావరి ఒడ్డున ఇసుకలో పరుగెత్తడం వాడి నిత్యకృత్యం. సైన్యమంటే వాడికి తెలిసింది రిక్రూట్‌మెంట్ ర్యాలీ ఒక్కటే. పదహారు వందల మీటర్లు పరుగెత్తడం, జవాను కావడం. ఆఫీసరు కావడానికి వేరే పరీక్ష ఉందనీ, ఇంటర్‌తోనే వ్రాయవచ్చుననీ ఆ వారమే ఎవరో చెప్పారట.

"సారూ, ఫారం నింపుదాం" అన్నాడు. పదో తరగతి మెమో తెమ్మన్నాను. అందులో పుట్టిన తేదీ 1–6–2006 అని ఉంది. నోటిఫికేషన్‌లో 2006 జులై 2వ తేదీకి ముందు పుట్టినవారు అర్హులు కారని ఉంది. ఒక్క నెల తేడా.

"నేను జూన్‌ల పుట్టలేదు సారూ! గోదారి బాగ పొంగిన శ్రావణంల పుట్టిన్నని మా నానమ్మ చెప్తది" అన్నాడు. నిజమే, 2006 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. నానమ్మ లెక్క తప్పు కాదు. బడిలో వేసిన రోజున ఎవరో జూన్ 1 అని వ్రాసుకున్నారు. మన ఊళ్లలో సగంమంది జూన్ ఒకటిన పుట్టినవాళ్లే కదా! (నా మెమోలో కూడా అదే తేదీ.) కాని యు.పి.ఎస్.సి. వారు మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీనే చూస్తారు. జాతకం, అఫిడవిట్ చెల్లవు. ఆ పిల్లవాడు మారు మాట్లాడకుండా మెమో మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అందుచేత ముందుగా వయస్సు లెక్క చెబుతాను. కోర్సు మొదలయ్యేనాటికి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏండ్ల లోపు ఉండాలి. పెండ్లి కాకూడదు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు. ఏప్రిల్ ప్రాంతంలో జరిగే దానికి డిసెంబరులో, సెప్టెంబరు ప్రాంతంలో జరిగే దానికి మే నెలలో నోటిఫికేషన్ వస్తుంది. దరఖాస్తుకు గడువు సుమారు మూడు వారాలే ఉంటుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో వ్రాయనివ్వరు, రెండవ సంవత్సరం చదువుతూ వ్రాయవచ్చు. ఉదాహరణకు 2008 జూన్ 1న పుట్టినట్టు మెమోలో ఉండి, 2026లో ఇంటర్ ముగించే విద్యార్థికి 2025 సెప్టెంబరు, 2026 ఏప్రిల్, 2026 సెప్టెంబరు, మొత్తం మూడు అవకాశాలు. అదే విద్యార్థి నిజంగా అక్టోబరులో పుట్టి, మెమోలో అలాగే ఉంటే 2027 ఏప్రిల్‌ది కూడా దొరుకుతుంది. ఉన్నవే మూడో నాలుగో అయినప్పుడు ఒకటి పోవడం చిన్న సంగతి కాదు.

కనుక తొమ్మిదో తరగతిలో చేయవలసిన మొదటి పని పుస్తకం కొనడం కాదు. బడికి పోయి రిజిస్టరులో తేదీ చూసుకోవాలి. జనన ధృవపత్రంతో సరిపోకపోతే, పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే హెడ్‌మాస్టరుగారికి అర్జీ పెట్టాలి. మెమో చేతికి వచ్చాక దిద్దించడం చాలా కష్టం. ఇది దొంగ తేదీ వేయించుకోమనే సలహా కాదు సుమా! ఉన్న నిజాన్ని కాగితం మీదికి ఎక్కించమంటున్నాను.

ఇక అకాడమీ సంగతి. 1949 జనవరిలో డెహ్రాడూన్‌లో జాయింట్ సర్వీసెస్ వింగ్ పేరిట మొదలై, పూనా దగ్గర ఖడక్‌వాస్లాకు తరలి, 1955 జనవరిలో లాంఛనంగా ప్రారంభమైంది. రెండవ ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పోరాడిన భారత సైనికుల జ్ఞాపకార్థం సూడాన్ ఇచ్చిన సొమ్ము దాని నిర్మాణానికి తోడ్పడింది. అక్కడి ముఖ్య భవనాన్ని సూడాన్ బ్లాక్ అనడం అందుకే. పదాతి, నౌకా, వైమానిక దళాల మూడింటి పిల్లలూ మూడేండ్లు అక్కడ కలిసి చదివి డిగ్రీ పొందుతారు. తరువాత ఎవరి దారి వారిది. వైమానిక దళం వారు మన హైదరాబాదు దగ్గరి దుండిగల్‌కే వస్తారు.

పదో తరగతి అయిన ఎండాకాలంలో ఇంకొక తలుపు మూసుకుపోతుంది, చాలామంది గమనించరు. ఆర్మీకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా చాలు. నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు మాత్రం ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు చదివి ఉండాలి. విమానం నడపాలని కలలు కనే పిల్లవాడు స్నేహితుడి వెంట సి.ఇ.సి.లో చేరాడంటే ఆ కల అక్కడికే సరి. ఆర్మీకి పోదలచిన బైపీసీ, సీఈసీ వాళ్లు కూడా లెక్కల పేపరు వ్రాయక తప్పదు.

రాత పరీక్ష 900 మార్కులకు. లెక్కలకు 300, ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి కలిపిన రెండో పేపరుకు 600. ఒక్కొక్కదానికి రెండున్నర గంటలు. మన ఇంటర్ 1ఎ, 1బి, 2ఎ, 2బి పుస్తకాలలో ఉన్న బీజగణితం, మాత్రికలు, త్రికోణమితి, కలనం, సదిశలు, సంభావ్యత వీటిలోనే చాలావరకు లెక్కల పేపరు అయిపోతుంది. కాకపోతే 120 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 75 సెకండ్లు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో మూడో వంతు కోత. తెలియనిదాన్ని వదిలిపెట్టే అలవాటు మన పిల్లలకు లేదు, దాన్ని నేర్పాలి. ఇటీవలి సంవత్సరాలలో 900కు 290 నుంచి 360 లోపే వచ్చినవారిని కూడా ఇంటర్వ్యూకు పిలిచారు, ప్రతి పేపరులో కనీస మార్కులు వస్తేనే అనుకోండి. ఐ.ఐ.టి. మాదిరిగా వణకవలసిన పరీక్ష కాదు ఇది.

వణకవలసింది ఇంగ్లీషుకు. ప్రశ్నాపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. ఇంటర్ రెండేండ్లలో ఇంగ్లీషు రాదు, ఎనిమిది తొమ్మిది తరగతుల నుంచే రావాలి. నేను పిల్లలకు చెప్పేది ఒకటే పని. రోజూ పేపరులో ఒక వార్త పైకి చదువు, పుస్తకం మూసి అదే వార్తను నీ ఇంగ్లీషులో ఎదుటివాడికి చెప్పు, తప్పులొచ్చినా ఆగకు. ఆరు నెలలు ఇలా చేసినవాడి నోరు తిరిగింది. వ్యాకరణ పుస్తకం బట్టీపట్టినవాడి నోరు తిరగలేదు. దీంతో జనరల్ నాలెడ్జి కూడా కలిసొస్తుంది.

రాత పరీక్ష పాసైనవారిని సర్వీసెస్ సెలక్షన్ బోర్డు అయిదు రోజులు తమ దగ్గర ఉంచుకుని చూస్తుంది. దీనికీ 900 మార్కులే. అంటే మొత్తం 1800లో సగం పుస్తకాలలో లేదు. భోపాల్ బోర్డు పడితే మంచిర్యాలలో రైలెక్కి బల్లార్షా, నాగపూరు మీదుగా పోవచ్చు. మొదటిసారి వెళ్లేవారికి రైలు ఖర్చులు ఇస్తారు. అక్కడ పన్నెండు బొమ్మలకు కథలు వ్రాయిస్తారు, వాటిలో ఒకటి ఖాళీ కాగితం. అరవై మాటలు చూపించి ఒక్కొక్కదానికి 15 సెకండ్లలో తోచిన వాక్యం వ్రాయమంటారు. పలకలు, దుంగలు, తాళ్లు ఇచ్చి జట్టుగా అడ్డంకులు దాటమంటారు. మనిషి నలుగురిలో ఎలా మసలుతాడో చూడడమే దీనంతటి ఉద్దేశం.

ఇక్కడ మన పిల్లలు తమను తాము తక్కువ చేసుకుంటారు. ఇంటర్వ్యూలో "నువ్వేం చేస్తుంటావు?" అంటే "ఏం లేదు సార్, చదువుకుంటాను" అంటారు. వినాయక చవితి పందిరికి చందాలు వసూలు చేసి లెక్క అప్పజెప్పినవాడు, పత్తి ఏరే కూలీలను కుదిర్చి సాయంత్రానికి కాంటా పెట్టించినవాడు ఏమీ చేయనివాడా? అది చెప్పుకోవడం తెలియాలి. కాని రెండేండ్లు హాస్టలు గదిలో పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా బిట్లు దిద్దుకున్న పిల్లవాడికి చెప్పుకోవడానికి నిజంగానే ఏమీ ఉండదు. ఆటస్థలం లేని కాలేజీలను గురించి నాకు చాలా అభిప్రాయాలున్నాయి, అవి ఇక్కడ వద్దు.

వైద్య పరీక్షను కూడా ముందే చూసుకోవచ్చు. కంటిచూపు, రంగులు గుర్తుపట్టడం, చెవులు, పండ్లు, మోకాళ్లు చూస్తారు. రంగుల తేడా తెలియనివాడికి ఆ సంగతి తొమ్మిదిలో తెలిస్తే మూడేండ్ల ఆశ మిగులుతుంది. చేతిమీద పచ్చబొట్టు సరదా కూడా వాయిదా వేసుకోవాలి.

ఇంకా ముందుగా మొదలుపెట్టగలిగినవారికి సైనిక పాఠశాలలున్నాయి. ఆరవ తరగతిలోనూ తొమ్మిదవ తరగతిలోనూ ప్రవేశం. విజయనగరం దగ్గరి కోరుకొండ పాఠశాల 1962 నుంచీ ఉన్నది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలర్పించిన మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు అక్కడ చదివి, ఎన్.డి.ఎ.కు వెళ్లినవారే. మహావీర చక్ర పొందారు. కరీంనగర్ జిల్లా చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకులం వారి సైనిక పాఠశాల ఉంది. మనకు ఇది దగ్గర.

ఆడపిల్లలున్న ఇండ్లకు ఒక మాట. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో వారికీ ఈ పరీక్ష తెరుచుకుంది. 2022లో చేరిన మొదటి జట్టు నుంచి పదిహేడు మంది 2025 మే 30న శిక్షణ ముగించుకున్నారు. వారికీ, ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకూ ఫీజు లేదు, మిగతావారిలో చాలామందికి వంద రూపాయలు. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. జేబు ఖర్చు ఇంటివారు భరించాలి, ఆదాయం తక్కువైతే సహాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తల్లులు భయపడతారు. ఆ భయం ఉత్తదని నేననను, సంతోష్‌బాబు పేరు పైనే వ్రాశాను. తేల్చుకోవలసింది ఇంటివారు, కాని తెలిసి తేల్చుకోవాలి.

డిగ్రీ చదివే మిత్రులకు సి.డి.ఎస్. పరీక్ష ఉంది. ఎన్.సి.సి. "సి" సర్టిఫికెట్ ఉన్నవారికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పోయే దారీ ఉంది. మా వాడకట్టు పిల్లవాడు ఇప్పుడు డిగ్రీలో చేరి ఎన్.సి.సి. యూనిఫాం వేసుకుంటున్నాడు. వాడి తమ్ముడు తొమ్మిదో తరగతి. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ ఇంటికొచ్చారు. అన్న బడికి పోయి తమ్ముడి తేదీ చూసొచ్చాడట.

"ఏమున్నదిరా?" అన్నాను.

"జూన్ ఒకటే సారూ" అన్నాడు నవ్వుతూ. మునిసిపాలిటీ నుంచి తెచ్చిన జనన ధృవపత్రం చేతిలో ఉంది. అర్జీ వ్రాసిపెట్టమని వచ్చారు.