పరేంగితజ్ఞానము - విభీషణ శరణాగతి

'ఇంగితం తెలిసినవాడు' అని లోకంలో ఒకరిని మెచ్చుకొంటాము. 'ఇంగితజ్ఞానం లేదు' అని మరొకరిని నిందిస్తాము. ఇంగితమనగా మనస్సులోని అభిప్రాయాన్ని వెల్లడించే చేష్ట. ఆకారమనగా ముఖవర్ణాదులలో కనిపించే మార్పు. వీనిని బట్టి ఎదుటివాని హృదయాన్ని గ్రహించుట ఒక విద్య అని మన పూర్వులు భావించినారు. వ్యవహారనిర్ణయం చేయువాడు వాది ప్రతివాదుల కంఠస్వరాన్ని, ముఖవర్ణాన్ని, చూపును, చేష్టను గమనించి వారి అంతరంగాన్ని తెలిసికొనవలెనని మనుస్మృతి అష్టమాధ్యాయం విధించినది.

పతంజలి మహర్షి మరొక మెట్టు పైకి వెళ్లినాడు. ఇతరుల చిత్తవృత్తిపై సంయమం చేసిన యోగికి పరచిత్తజ్ఞానం కలుగుతుందని యోగసూత్రాల విభూతిపాదంలో చెప్పినాడు. కాని దానికి ఒక హద్దు కూడా ఉన్నది. ఎదుటి చిత్తంలో రాగమున్నదని యోగికి తెలియవచ్చును. ఆ రాగం ఏ వస్తువు మీదనో తెలియదని వ్యాఖ్యాతల వివరణ. పైగా ఇట్టి సిద్ధులు సమాధికి విఘ్నాలని ఆ పాదంలోనే హెచ్చరిక ఉన్నది. యోగికే ఇంత హద్దు ఉండగా, రుసుము పుచ్చుకొని ముఖం చూచి మనస్సు చెబుతామనే వారిని గృహస్థులు ఎంతవరకు నమ్మవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను ఈ విద్యతో గృహస్థునకు నిత్యమూ పని ఉన్నది. సంగారెడ్డి జిల్లాలోని తెల్లాపూర్‌నే చూడుడు. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలపు శిలాశాసనం గల ప్రాచీన గ్రామమిది. 1960ల నాటికి సమీపాన రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వెలసినది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ సంస్థ ఏర్పడినది. చుట్టుపట్ల పరిశ్రమలు పెరిగినవి. పొలాలున్న చోట బహుళ అంతస్తుల భవనాలు లేచినవి. తాత పేరు చెప్పగానే మనుమని గుర్తించే ఊరిలో నేడు పొరుగింటివారి స్వస్థలమేదో, ఇంటి భాష యేదో తెలియదు. పని కోసం ఒకరు, అద్దె ఇంటి కోసం ఒకరు, సాయం కోసం ఒకరు వచ్చి తలుపు తడతారు. ద్వారం వద్ద పెట్టిన కెమెరా వచ్చినవాడెవడో చూపుతుంది. ఏ తలంపుతో వచ్చినాడో చూపదు. లోనికి రమ్మనవలెనా, పొమ్మనవలెనా? ఈ ప్రశ్నయే సముద్రతీరంలో వానరసేన యెదుట నిలిచినది. శ్రీమద్రామాయణ యుద్ధకాండలోని విభీషణ శరణాగతి ఘట్టం ఇందుకు మనకు పాఠం.

ఆరుగురి ఆలోచనలు

రావణునిచే అవమానితుడై విభీషణుడు నలుగురు అనుచరులతో లంకను వీడి వచ్చి, ఆకాశంలోనే నిలిచి శరణు వేడినాడు. అతడు శత్రువు తమ్ముడు, రాక్షసుడు, ఆయుధపాణి. చూడగానే సుగ్రీవుడు వీడు గూఢచారి, వధించవలెనన్నాడు. శ్రీరాముడు తక్కినవారి అభిప్రాయమడిగినాడు. గుణదోషాలను తూచి, గుణమధికమైన గ్రహించి దోషమధికమైన విడువవలెనని అంగదుడు చెప్పినాడు. చారుని పంపి పరీక్షించవలెనని శరభుని మాట. రాకూడని వేళ, రాకూడని చోటికి వచ్చినాడు గనుక శంకింపదగినవాడని జాంబవంతుడు పలికినాడు. మెల్లమెల్లగా ప్రశ్నించి భావం రాబట్టవలెనని మైందుని సలహా. తెలియని మనిషిని చూచినపుడు మనమందరమూ చేసే ఆలోచనలు ఇవియే గదా!

అటుపిమ్మట హనుమంతుడు ఒక్కొక్క మాటకు సమాధానమిచ్చినాడు. ఏ పనీ అప్పగించక గుణదోషాలు తెలియవు. వచ్చి యెదుట నిలిచినవానిపై చారుని పంపుటలో అర్థం లేదు. ఇక దేశకాలములన్నచో, రావణుని దౌష్ట్యాన్ని, శ్రీరాముని పరాక్రమాన్ని పోల్చి చూచుకొన్న బుద్ధిమంతునికి ఇదే తగిన వేళ, ఇదే తగిన చోటు. మైందుని సలహాకు ఇచ్చిన ఉత్తరం మరింత లోతైనది. హఠాత్తుగా ప్రశ్నించినచో వివేకి అయినవాడు శంకిస్తాడు; సుఖంగా చేరవచ్చిన మిత్రుడు ఆ ప్రశ్న వల్లనే చెడిపోతాడు.

మరి హనుమ దేనిని ప్రమాణంగా గ్రహించినాడు? వచ్చినవాని మాటలో దుష్టభావం లేదు. ముఖం ప్రసన్నంగా ఉన్నది. వంచకుడు ఇట్లు నిశ్శంకగా, స్వస్థచిత్తంతో సమీపించలేడు. ఎంత దాచినను ఆకారం అంతర్గతభావాన్ని వెల్లడించక మానదు. హనుమ ఒక్క ముఖాన్ని మాత్రమే చూచి ఊరకుండలేదు. మాట, ముఖం, నడత, వచ్చిన కారణం నాలుగూ ఒకదానితో ఒకటి పొసగుచున్నవా అని చూచినాడు. విభీషణునికి రాజ్యకాంక్ష కూడ ఉండవచ్చునని దాచక చెప్పినాడు. దూతను వధింపరాదని రావణసభలో విభీషణుడు పలికిన మాట స్వయంగా విన్నవాడు ఈ హనుమయే. పూర్వాచరణమెరిగిన వానికి ఇంగితం మరింత స్పష్టంగా తెలుస్తుంది.

చూచువాని మనస్సు

సుగ్రీవుడు అంతటితో ఊరుకొనలేదు. కష్టకాలంలో అన్నను విడిచినవాడు ఎవరిని విడువడని మరల ఆక్షేపించినాడు. చిత్రమేమనగా, అన్న అయిన వాలి వలన దేశంపట్టిపోయి ఋశ్యమూకాన్ని ఆశ్రయించినవాడు సుగ్రీవుడే. రామలక్ష్మణులను తొలుత చూచినపుడును వాలి పంపిన వారేమోనని భయపడి, భిక్షురూపంలో హనుమను పంపినాడు. ఆ శంకలో స్నేహమున్నది, స్వామికి హాని కలుగునేమోనన్న ప్రేమ ఉన్నది. దానితోబాటు పాత గాయం కూడ ఉన్నది. మనమును ఎదుటివాని మనస్సును చదువుచున్నామనుకొని అనేకసారులు మన భయాన్నే చదువుకొంటాము. అద్దం మీద మసి ఉన్నంతవరకు ప్రతి ముఖమూ నల్లగానే కనిపిస్తుంది. కనుక పరేంగితజ్ఞానానికి మొదటి మెట్టు స్వచిత్తశోధనమే.

అభయం ఇచ్చిన పిమ్మట

ఇక శ్రీరాముని నిర్ణయం. విభీషణుని మనస్సు మంచిదని తేలినందున స్వీకరించెదనని స్వామి చెప్పలేదు. మిత్రభావంతో వచ్చినవానిని, దోషమున్నను విడువనన్నాడు. తన్ను శరణుజొచ్చిన వేటగానికి తన మాంసమునే ఇచ్చిన కపోతం కథను, కండు మహర్షి ధర్మవాక్యాన్ని స్మరించినాడు. ఒక్కమారు శరణన్నవానికి అభయమిచ్చుట తన వ్రతమన్నాడు. వచ్చినవాడు స్వయంగా రావణుడే అయినను తోడ్కొని రమ్మన్నాడు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో ప్రపత్తికి ఈ ఘట్టం గొప్ప ఆధారం. వేదాంతదేశికులు దీనినే విషయంగా తీసికొని అభయప్రదానసారమను గ్రంథాన్ని రచించినారు.

ఇందులో సులభంగా కంటికి తగలని విశేషం ఒకటి ఉన్నది. విభీషణుడు వచ్చి పాదాలపై వ్రాలిన పిమ్మట, స్వామి అతనిని ఓదార్చి, రాక్షసుల బలాబలాలు యథార్థంగా చెప్పుమని అడిగినాడు. అనగా మైందుడు కోరిన ప్రశ్న అడుగబడినది. కాని అభయమిచ్చిన తరువాత అడుగబడినది. అభయానికి ముందు అడిగినచో అది పరీక్ష, మనస్సును మూసివేయును. తరువాత అడిగినది చనువు, మనస్సును తెరిపించును. విభీషణుడు దాపరికం లేక అంతయు చెప్పినాడు. ఇతరుల హృదయాన్ని మనం త్రవ్వి తీయనక్కరలేదు; భయం లేనిచోట అది తానే విప్పుకొంటుంది.

శ్రీరాముడు వ్రేలికొనతో రాక్షసులను సంహరింపగల సమర్థుడు, మాకా శక్తి ఎక్కడిదని గృహస్థులు అడుగవచ్చును. నిజమే. అందువలననే ఆదరించుట వేరు, అప్పగించుట వేరు అని తెలియవలెను. తలుపు తట్టినవానికి మంచి మాట, మంచినీరు, ఆకలియైన అన్నం ఇచ్చుటకు అతని మనస్సును చదువనక్కరలేదు. ఇంటి తాళం, ధనం, పిల్లల బాధ్యత అప్పగించుటకు మాత్రం హనుమవలె మాటను, నడతను, పూర్వాచరణాన్ని నిదానంగా గమనించవలెను. ఈ రెండింటిని కలిపివేసి, నమ్మకం కుదిరేవరకు మంచినీరు కూడ ఇవ్వకుండుట సుగ్రీవుని శంక; ముఖం నవ్వినదని ఇంటి తాళమిచ్చుట అవివేకం.

సర్వుల హృదయాలలో అంతర్యామియై ఉన్న శ్రీమన్నారాయణునికే సర్వుల మనస్సులు సంపూర్ణంగా తెలియును. మన మనస్సులోని దోషాలన్నీ ఎరిగియు ఆ స్వామి తన సన్నిధికి మనలను రానిచ్చుచున్నాడు. ఆ దయను పొందినవారము తోటివాని ముఖం చూచునపుడు దానిని మరువకుందుము గాక!