గర్భిణీ సంరక్షణము – తల్లి కార్డును చదువు విధము



మన హోసూరు ప్రాంతమున ఇంటి మాట తెలుగు, కచేరి మాట తమిళము. సంతలో కన్నడమును వినబడుచుండును. మూడు భాషల నడుమ బ్రతుకుట మనకు క్రొత్త కాదు. అయినను ఒక సమయమున ఈ భాషాభేదము ప్రాణముతో ముడిపడియున్నది. ఆంధ్రదేశపు కుప్పము వైపునుండి కోడలిగా వచ్చిన పిల్ల ఇచ్చటి ఆరోగ్య కేంద్రమున పేరు నమోదు చేయించుకొనును. ఆమెకిచ్చు తల్లీబిడ్డల కార్డు తమిళమున నుండును. తొలి కానుపునకు ఆమె పుట్టింటికి పోవును. అచ్చటి నర్సుకు తమిళము రాదు. ఈమెకును చదువ రాదు. ఆరు మాసముల పరీక్షల ఫలితములు చేతిలోనే ఉండియు మూగవైపోవును. ఈ చిక్కును తీర్పగలవారు ఆ ఇంటిలో బడికి పోవు పిల్లలే. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున ఆరోగ్య పాఠములను తెలుగు మాటలతో నేర్చితిమి. ఇచ్చట బోధింప వచ్చిన పిదప వానికి సరియైన తమిళ మాటలను తెలిసికొంటిమి. ఆ రెంటిని జతపరచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

తొలి మూడు మాసములు

నెల తప్పినదని తెలిసిన వెంటనే పేరు నమోదు చేయించుకొనవలెను. 12 వారములు నిండకముందే ఈ పని జరుగుట మేలు. కడుపు కనబడిన తరువాత పోవుదమను వారు విలువైన కాలమును పోగొట్టుకొందురు. బిడ్డయొక్క మెదడును వెన్నుపామును ఏర్పడు నాళము గర్భము నిలిచిన 28 దినములలోనే మూసికొనును. అందుకు ఫోలిక్ ఆమ్లము అవసరము. కనుకనే వైద్యులు గర్భమునకు ముందునుండియే దానిని పుచ్చుకొనుమని చెప్పుదురు. తొలి మూడు మాసములు దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనవలెను.

మన రాష్ట్రమున గర్భిణికి నమోదైనప్పుడు పిక్మి సంఖ్య ఒకటి ఇత్తురు. బిడ్డ జనన పత్రమునకు అది కావలసియున్నది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పేర నెలకొల్పిన ప్రసూతి సహాయ పథకమునకును ఈ నమోదే మూలము. ఆమె 1886లో పుదుక్కోటలో జన్మించి, వైద్యురాలై, 1927లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించిన మహనీయురాలు.

కానుపు తేదిని లెక్కించుట మీకు సులభమైన లెక్కయే. కడపటి ముట్టు మొదటి దినమునకు 9 మాసములు 7 దినములు కలుపవలెను. అది జనవరి 10 అయినచో కానుపు అక్టోబరు 17 ప్రాంతమున నగును. మొత్తము 280 దినములు. ఇది అంచనాయే గాని కచ్చితమైన గడువు కాదు.

తొలి పరీక్షలో బరువు, ఎత్తు, రక్తపుపోటు చూతురు. రక్తము తీసి దాని వర్గమును, హిమోగ్లోబిన్‌ను, చక్కెరను, అంటువ్యాధులను పరీక్షింతురు. రక్తవర్గమున ఆర్‌హెచ్ నెగటివ్ అని వచ్చినచో దానిని తప్పక గుర్తుంచుకొనవలెను. తండ్రిది పాజిటివ్ అయినప్పుడు బిడ్డను కాపాడుటకు ప్రత్యేకమైన సూదిమందు అవసరమగును.

నాలుగవ మాసమునుండి ఆరవ మాసమువరకు

వేవిళ్ళు తగ్గి, అన్నము సహించు కాలమిది. నాలుగవ మాసమునుండి దినమునకొక ఇనుప మాత్ర చొప్పున 180 దినములు, కానుపైన పిదప మరల 180 దినములు మ్రింగవలెను. దీనికి కారణమేమి? గర్భిణి దేహమున రక్తద్రవము దాదాపు సగము వంతు పెరుగును గాని ఎర్ర కణములు అంతగా పెరుగవు. పైగా బిడ్డయు ఇనుమును తీసికొనును. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. 7 గ్రాములకు తగ్గినచో అది ప్రమాదకరమైన స్థితి. అట్టి తల్లి కానుపులో పోవు కొద్ది రక్తమునకును తట్టుకొనలేదు.

పెక్కుమంది ఈ మాత్రలను కొన్ని దినములు మ్రింగి మానివేయుదురు. వికారము కలుగుననియు, మలము నల్లబడుననియు వారి భయము. మలము నల్లబడుట సహజమే, దానివలన హానిలేదు. వికారము కలిగినచో రాత్రి భోజనానంతరము మ్రింగవచ్చును. నిమ్మరసమో ఉసిరికాయయో దానితో కలిసినచో ఇనుము బాగుగ ఒంటబట్టును. కాఫీ, టీలు దానిని అడ్డగించును. సున్నపు మాత్ర, అనగా కాల్షియము, దినమునకు రెండు మారులు ఇత్తురు. దానిని ఇనుప మాత్రతో కలిపి మ్రింగరాదు, రెండు గంటలైనను ఎడము ఉండవలెను.

ఈ కాలముననే కడుపులోని పురుగులకు ఒక మాత్రయు, ధనుర్వాతము రాకుండ నాలుగు వారముల ఎడముతో రెండు సూదిమందులును ఇత్తురు. చక్కెర పరీక్షను 24–28 వారముల నడుమ మరల చేయుదురు: 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటల పిదప రక్తము చూతురు, 140 దాటినచో వైద్యసలహా అవసరము. 18–20 వారముల స్కానింగులో బిడ్డ అవయవములు కనబడును. ఆడయా, మగయా యని అడుగుట గాని చెప్పుట గాని 1994 చట్టము ప్రకారము నేరము. ఈ వారములందే తల్లికి బిడ్డ కదలిక తొలిసారి తెలియవచ్చును.

ఏడవ మాసమునుండి కానుపువరకు

మొత్తముమీద నాలుగు పరీక్షలకైనను తక్కువ కారాదు: 12 వారములలోపు ఒకటి, 14–26 వారముల నడుమ రెండవది, 28–34 వారముల నడుమ మూడవది, 36 వారముల తరువాత నాల్గవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎనిమిది పర్యాయములు చూపించుకొనుట మేలని చెప్పినది. ఆ సంవత్సరముననే మన దేశమున ప్రతి మాసము 9వ తేదిని ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు వైద్యుల పరీక్ష ఏర్పాటైనది.

కడపటి మాసములలో రక్తపుపోటు మిక్కిలి ముఖ్యము. అది 140/90కి చేరి, మూత్రమున మాంసకృత్తు కనబడినచో తల్లికి మూర్ఛ వచ్చు ప్రమాదము కలదు. మనవారు పాదముల వాపును చూచి "చూలాలికి వాపు సహజమే" అందురు. పాదముల వాపు కొంతవరకు సహజమే గాని, ముఖము చేతులు వాచుట, తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకబారుట సహజములు కావు.

ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగరాదు, 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను: రక్తస్రావము, మూర్ఛ, తలనొప్పితో చూపు మందగించుట, ఉమ్మనీరు ముందుగా పోవుట, జ్వరము, కడుపున తీవ్రమైన నొప్పి, ఆయాసము, బిడ్డ కదలిక తగ్గుట.

ఆహారము, విశ్రాంతి

ఎక్కువ తిన్నచో బిడ్డ పెద్దదై కానుపు కష్టమగునని పెద్దలు కొందరు కోడలికి కంచము తగ్గింతురు. వారి ప్రేమను శంకింపము. వారి లెక్కను మాత్రము సరిచేయవలెను. తల్లి ఒల్లనిచో బిడ్డ 2½ కిలోలకు తక్కువగా పుట్టి, పాలు త్రాగుటకును శక్తి లేనిదగును. గర్భిణికి దినమునకు 350 కేలరీలు అదనముగా కావలెను. ఇందుకు అంగడి డబ్బాలు అక్కరలేదు. మన ఇంటి రాగిముద్దయే గొప్ప ఆహారము. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు కలదు. దానితో ఆకుకూర పప్పు, ఉలవచారు, అనపగింజల కూర, వీలైనచో గ్రుడ్డు, పాలు చాలును. పగలు రెండు గంటలైనను పండుకొననీయవలెను. బరువులు మోయుట, పొగాకు నములుట కూడదు. సీమంతమున గాజులు తొడుగు ముత్తైదువలు ఆ దినముననే కార్డును కూడ ఒకమారు చూచినచో ఆ వేడుకకు నిండుదనము వచ్చును.

కార్డులోని మాటలు

రత్తసోహై – రక్తహీనత
ఉయర్ రత్త అళుత్తం – అధిక రక్తపుపోటు
నీరిళివు – మధుమేహము, చక్కెర వ్యాధి
సిరునీర్ – మూత్రము
ఎడై – బరువు
వీక్కం – వాపు
తలైవలి – తలనొప్పి
మయక్కం – కళ్ళు తిరుగుట, స్పృహ తప్పుట
వలిప్పు – మూర్ఛ
తడుప్పూసి – టీకా

ఇందు రెండు మాటలయందు జాగ్రత్త వలయును. తమిళమున 'వలి' అనగా నొప్పి, 'వలిప్పు' అనగా మూర్ఛ. ఒకదానికి బదులు మరియొకటి చెప్పినచో చికిత్సయే మారిపోవును. అట్లే 'ఎడై' అనగా బరువే గాని మన 'ఎడము' కాదు. తమిళము నేర్చుట తెలుగును విడుచుట కాదు. అమ్మ బాధను అమ్మ మాటలో విని, నర్సుకు తెలియు మాటలో చెప్పగల పిల్లవాడు రెండు భాషలకును గౌరవము తెచ్చును.

ఇంటిలో చేయవలసిన పని

అక్కయో వదినెయో గర్భవతియై యున్నచో ఆమె అనుమతితో కార్డును చూచి, ఒక కాగితముపై తెలుగున ఇవి వ్రాయుడు: కానుపు తేది, రక్తవర్గము, ప్రతి పరీక్షనాటి బరువు, రక్తపుపోటు, హిమోగ్లోబిన్, సూదిమందుల తేదులు, వైద్యులు చెప్పిన ప్రత్యేక జాగ్రత్త. అంకెలకు భాషాభేదము లేదు. వాని ప్రక్కనున్న మాటకే అనువాదము కావలెను. ఆమె పుట్టింటికి పోవునాడు కార్డును, స్కానింగు కాగితములను, ఈ తెలుగు కాగితమును ఒకే సంచిలో ఉంచుడు. సరిహద్దు దాటిన పిదప ఏ ఆసుపత్రిలో కానుపు జరుగవలెనో, రాత్రివేళ బండి ఎవరిదో పెద్దలు ముందుగానే నిశ్చయించుకొనవలెను. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. మగపిల్లలును ఈ పాఠమును చదువవలెను. రేపు వారును తండ్రులగుదురు.

అభ్యాసము

1. కడపటి ముట్టు మొదటి దినము మార్చి 5 అయినచో కానుపు తేదిని లెక్కింపుడు.
2. ఇనుప మాత్రను, సున్నపు మాత్రను వేరువేరుగా మ్రింగవలెనను నియమమును ఇంటివారికి ఎట్లు చెప్పుదురు?
3. పాదముల వాపునకును ముఖపు వాపునకును గల భేదమేమి?
4. 'వలి', 'వలిప్పు' అను మాటలను రెండు వాక్యములలో ప్రయోగించి, వానిని తెలుగున వ్రాయుడు.
5. మీ వీధిలో తమిళము చదువలేని గర్భిణి యున్నచో ఆమెకు మీరు చేయగల సహాయమును పది పంక్తులలో వ్రాయుడు.