ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి బాపట్లలో చదువుతున్నాడు. తెనాలిలో స్నేహితుల గదిలో గంజాయి తాగి ఇంటికొచ్చాడు. గుండె దడ, ‘చచ్చిపోతున్నా, ఎవరో తరుముతున్నారు’ అంటూ రాత్రంతా వణికిపోయాడు. పోలీసుల భయంతో ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఇలా అయితే ఏం చేయాలి?
– ఒక తల్లి, రేపల్లె

జవాబు: అమ్మా, 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ‘టెలీ మానస్’ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పనక్కర్లేదు. ఏం తీసుకున్నాడు, ఎప్పుడు, మద్యం కూడా తాగాడా అన్నవి మాత్రం దాచకండి. ప్రమాదం ఎంతో తేల్చుకోవడానికి అవే ఆధారం.

ఈలోగా టీవీ ఆపి, లైటు తగ్గించి, పక్కనే కూర్చోండి. ‘ఇది మత్తు వల్ల వచ్చిన భయం, తగ్గిపోతుంది, నేనిక్కడే ఉన్నా’ అని మెల్లగా చెబుతూ ఉండండి. తరుముతున్నారంటే వాదించొద్దు. తిట్లు, ఆరాలు తెల్లారాక. పొగ తాగితే సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతుంది. భంగు తింటే ఆలస్యంగా ఎక్కి చాలాసేపు ఉంటుంది. చింతపండు నీళ్లతో వాంతి చేయించడం, నిద్రమాత్ర ఇవ్వడం వద్దే వద్దు.

ఛాతీనొప్పి, ఫిట్స్, ఊపిరాడకపోవడం, పిలిచినా పలకకపోవడం, తనకు తాను హాని చేసుకోబోవడం కనిపిస్తే ఫోన్ కౌన్సెలింగ్ చాలదు, 108ని పిలవండి. స్పృహ లేకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

మర్నాటికీ అనుమానాలు పోకపోతే గాలి సోకిందని తాయెత్తులకు తిప్పకండి, మానసిక వైద్యుడికి చూపించండి. అలవాటు మాన్పించడానికి 14446 హెల్ప్‌లైన్ ఉంది. అబ్బాయి చేతే ఫోన్ చేయించండి.