తాడు వదలడం తెలియాలి

పడమటి కర్నూలులోని మా గోనెగండ్లలో ఆషాఢం గాలి ఎంత బలంగా ఉంటుందో గాజులదిన్నె ప్రాజెక్టు కట్ట ఎక్కిన ఎవరినడిగినా చెబుతారు. అలాంటి గాలితోనే పడవ నడపడం హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకుంటున్నారు. అక్కడి యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకూ ఈ విద్య నేర్పుతోంది.

పిల్లల తొలి పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దీన్ని తయారుచేశాడు. 8 అడుగుల లోపు పొడవు, 35 కిలోల బరువు, ఒకటే తెరచాప. ఒక చేతిలో చుక్కాని, ఇంకో చేతిలో తెరచాప తాడు.

గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు పడవ ఒరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు భయంతో చేతిలోని తాడును ఇంకా బిగించి పట్టుకుంటారు. బిగించినకొద్దీ తెరచాప గాలిని వదలదు, పడవ బోల్తా పడుతుంది. అదే తాడు సడలిస్తే తెరచాప రెపరెపలాడి గాలి జారిపోతుంది, పడవ తిరిగి నిలబడుతుంది. భయం చెప్పేది ఒకటి, చేయవలసింది సరిగ్గా దానికి విరుద్ధం. అందుకే మొదటి పాఠాల్లోనే పడవను కావాలని బోల్తా కొట్టించి, అడుగున ఉండే పలక మీద నిలబడి దాన్ని మళ్లీ లేపడం నేర్పుతారు. ఒకసారి లేపినవాళ్లకు తాడు వదలడానికి చెయ్యి వణకదు.

నేల మీదా భయం ఇలాగే పనిచేస్తుంది. మన పడమటి కర్నూలు పల్లెల్లో ఒక బోరు పడకపోతే అప్పు చేసి ఇంకోటి, అదీ పడకపోతే మూడోది వేసిన రైతులు ఎందరో. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. చేతిలోది జారిపోతుంటే ఎవరైనా గట్టిగానే పట్టుకుంటారు. కానీ ఎక్కడ సడలించాలో చెప్పేవాళ్లు పక్కన ఉండి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవో! తాడు సడలించినా రెండో చెయ్యి చుక్కాని మీదే ఉంటుంది. గాలి తగ్గగానే తాడు మళ్లీ లాగొచ్చు.

మహాసముద్రంలోనూ పద్ధతి ఇదే, గాలి హెచ్చితే తెరచాపను కుదిస్తారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న భూమిని చుట్టి వచ్చిన నౌకాదళం వారి తెరచాప పడవ ‘తారిణి’లో ఉన్నది ఆరుగురు మహిళలు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగు ఆడబిడ్డలే.

హైదరాబాద్ వెళ్తే పిల్లలకు బుద్ధ విగ్రహంతో పాటు ఆ తెరచాప పడవలనూ చూపించండి. ఆసక్తి ఉంటే క్లబ్‌లో చేర్పించండి. ఈత మాత్రం పెద్దవాళ్ల ఎదుట ముందే నేర్పించండి.