మ్యాక్ లేకుండానే ఐఫోన్ యాప్

"ఐడియా ఉంది సార్, మ్యాక్‌బుక్కే లేదు." ఇంజినీరింగ్ పిల్లల నోట తరచూ వినే మాట ఇది. వాళ్ల ఇబ్బంది నిజమే. ఐఫోన్ యాప్‌ను బిల్డ్ చేసే ఎక్స్‌కోడ్ మ్యాక్‌ఓఎస్ మీద తప్ప నడవదు. ఆ మ్యాక్‌ఓఎస్‌ను యాపిల్ యంత్రాల్లోనే వాడాలని లైసెన్సులోనే రాసి ఉంటుంది. మామూలు పీసీలో దాన్ని ఎక్కించే 'హ్యాకింటాష్' జోలికి పోకండి. అది నిబంధనలకు విరుద్ధం, పైగా కోడ్ రాయాల్సిన వారమంతా వైఫై డ్రైవర్ వెతకడంతోనే సరిపోతుంది.

అసలు మ్యాక్‌తో పని ఎప్పుడు పడుతుంది? ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ చేసే ఫ్లట్టర్‌లోనో రియాక్ట్ నేటివ్‌లోనో రాస్తే, చాలావరకు విండోస్ ల్యాప్‌టాప్‌లోనే అయిపోతుంది. 8 జీబీ ర్యామ్‌లో ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తుంటే దాన్ని మూసేసి, మీ ఆండ్రాయిడ్ ఫోన్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి. ఐఫోన్‌లో చూడాలంటే రియాక్ట్ నేటివ్ వాళ్లకు ఎక్స్‌పో గో అనే యాప్ ఉంది. హాస్టల్లో ఐఫోన్ ఉన్న స్నేహితుణ్ని పిలిచి, తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించండి. మీరిక్కడ బటన్ రంగు మార్చి సేవ్ కొడితే, రెండు మూడు సెకన్లలో అతని చేతిలోని ఫోన్‌లో మారిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు భలే ముచ్చటేస్తుంది.

చివర్లో బిల్డ్ తీయడానికి మాత్రం మ్యాక్ కావాలి. దాన్ని కొననక్కర్లేదు. కోడ్‌మ్యాజిక్, ఎక్స్‌పో వాళ్ల ఈఏఎస్ బిల్డ్ లాంటి సేవలు ఎక్కడో ఉన్న మ్యాక్ మీద మీ కోడ్‌ను బిల్డ్ చేసి ఫైలు చేతికిస్తాయి. మీ రిపాజిటరీ పబ్లిక్‌ది అయితే గిట్‌హబ్ యాక్షన్స్‌లో మ్యాక్ రన్నర్ ఉచితం. చిక్కల్లా తప్పు దొర్లినప్పుడే. ఒక్క లైను సరిచేసి, మళ్లీ బిల్డ్ అయ్యేదాకా కాచుక్కూర్చోవాలి. యాప్ మీదేనని రుజువుచేసే సైనింగ్ సర్టిఫికెట్ దగ్గర ఓపిక బాగా ఖర్చవుతుంది.

డబ్బు సంగతికొస్తే, యాప్ స్టోర్‌లో పెట్టడానికి యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ ప్లేకు ఒక్కసారి 25 డాలర్లు చాలు. కాకపోతే కొత్త వ్యక్తిగత ఖాతాల వాళ్లు కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు పరీక్ష నడపాలి. క్లాసులో ఆ పన్నెండు మంది దొరక్కపోరు. నన్నడిగితే ముందు ప్లే స్టోర్‌లో పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగినవాళ్లకు ఆ లింకు చూపించవచ్చు.

యాపిల్ భాష స్విఫ్ట్‌లో ఐఓఎస్ డెవలపర్ ఉద్యోగమే కావాలనుకునేవాళ్లకు మాత్రం ఈ కిటుకులు చాలవు, సొంత మ్యాక్ ఉండాల్సిందే. ఇంట్లో ఐప్యాడ్ ఉంటే స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్‌తో నేర్చుకోవడం మొదలుపెట్టండి. 2021లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అందులోనే యాప్ తయారుచేసి స్టోర్‌కూ పంపవచ్చు. సెకండ్ హ్యాండ్ మ్యాక్ కొనేటప్పుడు ధర కంటే ముందు మోడల్ సంవత్సరం అడగండి. 2017 మ్యాక్‌బుక్ ఎయిర్ మ్యాక్‌ఓఎస్ మాంటెరీ దగ్గరే ఆగిపోయింది, ఎక్స్‌కోడ్ 16 ఎక్కాలంటే దాని తర్వాతి వెర్షన్లలోని సోనోమా ఉండాలి.