బొంత కుట్టుటకు తగిన మిషను నెన్నుకొనుట

ఈ సంవత్సరము పాఠశాల తెఱచిన దినములలో నొక విద్యార్థిని తల్లి నాయొద్దకు వచ్చి, “టీచరుగారూ, బొంతలు కుట్టి నాలుగు రూపాయలు సంపాదించుకొనవలెనని యున్నది. చీటీ డబ్బు చేతికి వచ్చినది. ఏ మిషను కొనుమందురు?” అని యడిగెను. ప్రశ్న చిన్నదే. కాని యుత్తరము తప్పినయెడల నొక కుటుంబము నెలనెలయు కూడబెట్టిన సొమ్ము వ్యర్థమగును. అట్లు వ్యర్థమగుటను నేను నా యింటనే చూచితిని గనుక, ఆమెకు జెప్పిన సంగతులనే విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఇచ్చట క్రమముగా వ్రాయుచున్నాను.

1. బొంత యనగా నేమి?

పాత చీరలను, ధోవతులను పొరలు పొరలుగా పఱచి, పొరలన్నియు కలిసి నిలుచునట్లు అంతటను కుట్టిన దుప్పటినే మనము బొంత యందుము. బట్టల తునకలను జతపఱచి పైబట్టగా చేసినచో అది యతుకుల బొంత యగును. బంగాళమున కాంతా యనియు, బీహారున సుజని యనియు, కర్ణాటకమున కౌది యనియు పిలువబడునవి యిట్టివే. అమెరికా దేశమునను ఈ పని మిక్కిలి ప్రసిద్ధమైనది. పేరేదైనను బొంతకు మూడు భాగములుండును: పైబట్ట, నడిమి పొర, అడుగున అస్తరు. నడిమి పొర పాత చీరలు కావచ్చును, దూది కావచ్చును.

రవికె కుట్టునప్పుడు సూది రెండు పొరలను మాత్రమే దాటును. బొంతయం దది ఆఱు, ఎనిమిది పొరలను దాటవలయును. రవికె చేతిలో ఇముడును. బొంత మంచమంత వెడల్పుండును. ఈ రెండు భేదములను మఱవక యుంచుకొన్నచో, మిషను నెన్నుకొనుటయందలి సూత్రములన్నియు తమంతట తామే తెలియును.

2. మిషను పుట్టుక

1830వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు దర్జీయైన తిమోనియే యనునతడు తన కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. తమ జీవనము పోవునను భయముచేత పారిసు నగరపు దర్జీలు 1831లో నతని యంత్రములను ధ్వంసము చేసిరి. 1846లో అమెరికా దేశీయుడైన ఎలియాస్ హోవె, మొనయొద్ద రంధ్రముగల సూదియు, క్రింద షటిలును గల యంత్రమునకు హక్కు పొందెను. 1851లో ఐజాక్ సింగర్ తన యంత్రమునకు హక్కు పొందెను. కొలదికాలములోనే సింగర్ కంపెనీవారు వాయిదాల పద్ధతిని మిషనుల నమ్ముట మొదలిడిరి. అందుచేత సామాన్యుల యిండ్లలోనికిని మిషను ప్రవేశించెను. మన దేశమున 1930 దశకములో కలకత్తానగరమందు ఉషా మిషనుల తయారీ యారంభమయ్యెను. యంత్రములను గూర్చి యెంతో సంశయించిన గాంధీగారు సైతము 1924లో కుట్టుమిషనును మేలైన యంత్రముగా నెంచి, దానిని మినహాయించిరి.

3. కుట్టు పడు విధము

మిషను కుట్టులో రెండు దారములు కలవు. పైదారమును సూది క్రిందికి దింపును. షటిలు ఆ దారపు ఉచ్చులోగుండ బాబిను దారమును దాటించును. రెండును పొరల నడుమ ముడివడును. ముడి సరిగా నడిమి పొరలో పడినచో కుట్టు రెండువైపులను ఒక్కతీరుగా నుండును. పైదారము మిక్కిలి బిగువైనచో అడుగు దారము పైకి చుక్కలవలె కనబడును; వదులైనచో పైదారము అస్తరువైపు ఉచ్చులుగా వ్రేలాడును. కావున దారపు బిగువును సులభముగా మార్చుకొనుటకు వీలగు మిషను కావలయును.

సూది క్రింద బట్టను వెనుకకు జరుపు చిన్న పండ్లు కలవు. అవి అడుగు పొరను మాత్రమే పట్టి లాగును. పైపొరనో, దానిపై నొక్కియుండు పాదము ఆటంకపఱచును. రెండు పొరలయందు ఈ భేదము కంటికి కనబడదు. ఎనిమిది పొరలయందు, మూడుగజముల పొడవున, అడుగుబట్ట ముందుగా పోవును. పైబట్ట వెనుకబడి ముడుతలు పడును. బొంతలు వంకరపోవుటకు ముఖ్యకారణ మిదియే.

4. నా తప్పు

కొన్ని యేండ్ల క్రిందట నా చెల్లెలి భర్తకు జబ్బుచేసి పని మానుకొనవలసివచ్చెను. చెల్లెలు చేతితో బొంతలు కుట్టి యమ్ముచుండెను. ఒక్కొక్క బొంతకు ఇరువది దినములు పట్టుచుండెను. మిషనున్నచో నెలకు పది కుట్టగలనని యామె యెంచి, తన కాలిగొలుసులమ్మి, నా యొక నెల జీతమును కలిపి నా చేతికిచ్చి, “అక్కా, నీవు చదువుకొన్నదానవు. నీవే చూచి కొనుము” అనెను.

నేను పట్టణమునకు పోయి తేలికయైన, తెల్లని, అందమైన యొక మిషనును చూచితిని. అది అఱువది విధముల కుట్లు కుట్టునని అంగడివారు చెప్పిరి. ఒంటిపొర గుడ్డపై పువ్వులను, ఆకులను కుట్టి చూపిరి. నేను సంతోషించి సొమ్ము చెల్లించితిని. బొంత ముక్క నొకదానిని తీసికొనిపోవలెనని నాకు తోచలేదు.

మొదటి బొంతకే మూడు సూదులు విఱిగెను. పైబట్ట రెండు వ్రేళ్ల వెడల్పున ప్రక్కకు జరిగెను. రెండవ నెలలో మిషను లోపలి ప్లాస్టికు చక్రమొకటి యరిగిపోయెను. అంగడివారు తిరిగి తీసికొనమనిరి. చెల్లెలు నన్నొక మాటయు ననలేదు. “అక్కా, దీనికి పువ్వులు కుట్టుట వచ్చును గాని, బొంత కుట్టుట రాదు” అని మాత్రము చెప్పి, మరల చేతిసూది పట్టుకొనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. ఆ మిషను చెడ్డదని చెప్పజాలను. రవికెలు కుట్టువారికి అది తగినదే కావచ్చును. పనిని చూడక పనిముట్టును చూచుట నా తప్పు. సగము వెలకంటె తక్కువకు దానినమ్మి, ఒక దర్జీ విడిచిన నల్లని ఇనుప కాలిమిషనును కొంటిమి. అది తిన్నని కుట్టు తప్ప వేఱొకటి యెఱుగదు. అయినను చెల్లెలు పిల్లలను చదివించినది దానిమీదనే.

5. చూడవలసిన సంగతులు

మొదటిది, బరువు. తల ఇనుముతో పోతపోసినదై, లోపలి చక్రములు లోహముతో చేసినవై యుండవలయును. తేలికయైన మిషను బొంత బరువునకు బల్లమీద కదలును.

రెండవది, చేతి క్రింది సందు. సూదికిని కుడివైపు స్తంభమునకును నడుమ దూరమును టేపుతో కొలువవలయును. సామాన్యమైన యింటి మిషనులలో ఇది 6 లేక 7 అంగుళములుండును. బొంతలకై చేయబడినవానిలో 9 అంగుళములును, అంతకు మించియు నుండును. ఇచ్చట మన క్షేత్రగణితము పనికివచ్చును. 60 అంగుళముల వెడల్పుగల బొంతను నడుమనుండి యొక ప్రక్కకు కుట్టి, పిమ్మట త్రిప్పి రెండవ ప్రక్కను కుట్టినచో, చేతి క్రింద నిముడవలసినది సగము, అనగా 30 అంగుళములు మాత్రమే. చీరల బొంత మందము పావు అంగుళమైనచో చుట్ట యొక్క అడ్డుకోత వైశాల్యము ఏడున్నర చదరపు అంగుళములు. వ్యాసము సుమారు 3 అంగుళములు. అది సులభముగా నిముడును. దూది బొంత మందము అర అంగుళమైనచో వ్యాసము సుమారు 4.4 అంగుళములగును, వదులుగా చుట్టినచో ఇంకను పెరుగును. కావున చీరల బొంతకు చిన్న సందు చాలును. దూది బొంతకు పెద్ద సందు కావలయును.

మూడవది, పాదము. పాదమును ఎంత యెత్తుకు లేపవచ్చునో, దాని యొత్తిడిని తగ్గించుటకు మర కలదో లేదో చూడవలయును. క్రింది పండ్లతోబాటు పైనను పండ్లు కలిగి, పైబట్టను సమానముగా నడిపించు “నడక పాదము” కలదు. అది యా మిషనునకు పట్టునేమో యడుగుడు. నే నింతకుముందు చెప్పిన ముడుతల వ్యాధికి అదియే మందు.

నాల్గవది, పండ్లను దింపు సాధనము. పువ్వులు, తీగలు మొదలగు వంకర గీతలను కుట్టవలెనన్న పండ్లను క్రిందికి దింపి, బట్టను చేతులతోనే నడుపవలయును. కొన్ని మిషనులకు ఇందుకొక మరయుండును. లేనివానికి పండ్లపై రేకు నమర్చుదురు. తిన్నని గీతలే కుట్టువారికి ఇది యక్కఱలేదు.

ఐదవది, కుట్టు తిన్నదనము. అతుకుల బొంతకు అంచు విడుపు పావు అంగుళము. ప్రతి విడుపునందును అంగుళములో పదునాఱవవంతు తప్పినచో, ఒక్కొక్క తునకకు రెండు అంచులు గనుక ఎనిమిదవవంతు పోవును. 16 తునకల వరుసకు 2 అంగుళములు పోవును. కావున అఱువది విధముల కుట్లకంటె తప్పని తిన్నని కుట్టు ఒక్కటి మేలు.

ఆఱవది, నడుపు బలము. కాలిమిషనునకు కరెంటు అక్కఱలేదు. వేగము మన పాదము నధీనమం దుండును. దానికే తరువాత మోటారు అమర్చుకొనవచ్చును. దర్జీ కార్ఖానాలలోని పెద్ద మిషనులు బలమైనవే, సందును సుమారు 10 అంగుళములుండును. కాని నిమిషమునకు 4000 కుట్లకు మించి పరుగెత్తగలవు. వేగమును తగ్గించు మోటారు లేనిచో నేర్చుకొనువారి వ్రేళ్లకు అపాయము.

ఏడవది, మరమ్మతు. సూదులు, బాబినులు, బెల్టు మన యూరి అంగడిలో దొరకునా? బాగుచేయు మేస్త్రి దగ్గఱ నుండునా? దొరకని సామాను గల గొప్ప మిషనుకంటె దొరకు సామాను గల సాదా మిషను శ్రేష్ఠము.

6. అంగడిలో పరీక్ష

మూరెడు పొడవుగల బొంత ముక్కను మన యింటనే సిద్ధపఱచి తీసికొనిపోవలయును. అందులో మనము వాడు పొరలన్నియు, ఒక అతుకు గుబ్బయు నుండవలయును. పైబట్ట, అస్తరు సమానముగా కత్తిరింపబడవలయును. 16వ నంబరు సూది నమర్చి, అంగుళమునకు 8 కుట్లు పడునట్లు పెట్టి, కచ్చాకుట్టు వేయకయే కుట్టి చూడుడు. తుదకు పై అంచును అడుగు అంచును సరిపోయినవా? గుబ్బయొద్ద సూది ఆగినదా? కుట్లు ఒక్క పొడవున నున్నవా? ముడులు పైకి గాని క్రిందికి గాని కనబడుచున్నవా? చక్రమును చేతితో మెల్లగా త్రిప్పినప్పుడు ఎచ్చటనైన పట్టుచున్నదా? పాత మిషనును కొనువారు ఈ పరీక్షను మఱింత శ్రద్ధగా చేయవలయును. రసీదును వ్రాయించుకొనక సొమ్ము చెల్లింపరాదు.

కొన్న పిమ్మట ప్రతిదినము నూలుపీచును తుడిచి, మిషను నూనెను చుక్కలుగా వేయుడు. సుమారు ఎనిమిది గంటల కుట్టునకు సూదిని మార్చుడు. మొండిసూది బట్టను చింపి, మిషనునకు చెడ్డపేరు తెచ్చును.

7. ముగింపు

ఆ తల్లితో నే నీ మాటలన్నియు చెప్పి, ఆమెతో కూడ అంగడికి పోయితిని. ఆమె కొంగున నొక బొంత ముక్కను ముడివేసికొని వచ్చెను. మూడు మిషనులపై దానిని కుట్టించి చూచి, నాల్గవదానియొద్ద నిలిచి, నావైపు చూడకయే “ఇది సరి” అనెను. నేను కొలిచి చూడగా అంచులు సరిగా నుండెను. విద్యార్థులారా, తెలిసినవారి నడుగుట మంచిది. కాని పని యెఱిగిన చేతికి స్వయముగా పరీక్షించు నవకాశ మిచ్చుట అంతకంటె మంచిది. నా చెల్లెలికి నే నా యవకాశ మియ్యలేదు.

అభ్యాసము: (1) ఎనిమిది పొరలను కుట్టునప్పుడు పైబట్ట ఏల ముడుతలు పడును? (2) 72 అంగుళముల వెడల్పును, పావు అంగుళము మందమును గల బొంతలో సగమును చుట్టినచో చుట్ట వ్యాసమెంత? (3) మీ యింట మిషనున్నచో దాని చేతి క్రింది సందును కొలిచి, అది చీరల బొంతకు తగునో, దూది బొంతకు తగునో వ్రాయుడు.