అరకు నుంచి పాడేరుకు సైకిలు దారి

ప్రశ్న: విశాఖ మన్యంలో వాహనాల రద్దీ తక్కువగా ఉండే సైకిలు దారి ఏది?

జవాబు: విశాఖపట్నం నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు చేరే రోడ్డు ఎంత అందమైనదైనా, మలుపుల్లో పర్యాటకుల బస్సులు, కార్లు ఒకదాన్నొకటి దాటుతుంటాయి కనుక అది సైకిలుకు అనువైనది కాదు. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్ మీదుగా అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజరులో సైకిలును లగేజీగా బుక్ చేస్తే ఆ ఎక్కుడు తప్పుతుంది.

అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేటల మీదుగా పాడేరుకు సాగే సుమారు 45 కిలోమీటర్ల దారిలో చాపరాయి జలపాతం వరకే సందర్శకుల సందడి ఎక్కువ. ఆపైన వలిసె అనే నూనెగింజల పంట చేలు, కాఫీ తోటలు తోడుగా ఉంటాయి. అయితే ఇది 516ఈ జాతీయ రహదారిలో భాగం కనుక నిర్మానుష్యమని భావించరాదు, వారపు సంతల రోజున జీపులు, ఆటోలు క్రిక్కిరిసి తిరుగుతాయి. వలిసె పసుపు పచ్చగా పూసే అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలమైనవి. చలికాలపు సెలవుల్లో పర్యాటకుల రద్దీ ఉండే లంబసింగి వైపు మాత్రం పోకపోవడమే మేలు.

ఈ కొండ దారి దిగుడులో బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము, అనగా టైరును పట్టి ఉంచే లోహపు చట్రం, వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉన్నందున, ముందు వెనుక బ్రేకులను మార్చి మార్చి నొక్కి వదలాలి.